జిగ్‌జాగ్ మిషను లోగుట్టు

మా ఇంట్లో ముందు నల్ల కుట్టుమిషను ఉండేది. కాలితో తొక్కేది, తిన్నని కుట్టు తప్ప మరొకటి ఎరగనిది. దాని మీద ఏళ్ల తరబడి లంగాలు, దిండు గలీబులు, పాత చీరల బొంతలు కుట్టిన ధీమాతో ఒకరోజు తెల్లటి కరెంటు మిషను పెట్టె విప్పాను. పాతదానికీ దీనికీ తేడా ఆ బొమ్మల డయల్ ఒక్కటే అనుకున్నాను. గుడ్డను అదిమిపట్టే ఫుట్‌లలో సన్నటి చిల్లున్నదాన్ని బిగించి, డయల్‌ను జిగ్‌జాగ్ బొమ్మ మీదికి తిప్పి పెడల్ నొక్కాను. రెండో కుట్టుకే సూది రెండు ముక్కలైంది. పై ముక్క బిగింపులోనే ఉండిపోయింది, కింది ముక్క వచ్చి కళ్లద్దాలకు తగిలింది.

మిషనులో ఏ లోపమూ లేదు. తిన్నని కుట్టు కోసం చేసిన ఫుట్‌లో సూది దిగడానికి మధ్యలో ఒక చిన్న రంధ్రమే ఉంటుంది. సూదిని పక్కకు ఊగమన్నది నేనే, దిగే దారి మూసింది కూడా నేనే. అది వెళ్లి ఇనుము మీద పడింది. జిగ్‌జాగ్ ఫుట్‌లో ఆ రంధ్రం అడ్డంగా, పొడుగ్గా ఉంటుంది. గుడ్డ కింద ఉండే ప్లేటులో సూది దిగే చీలిక కూడా అంతే. ఈ రెండింటినీ చూసి ఉంటే సూది దక్కేది.

నల్ల మిషనులో సూదికి తెలిసింది దిగడం, లేవడం. గుడ్డను అవతలికి జరిపే పని ప్లేటులోంచి తొంగిచూసే పళ్లది. జిగ్‌జాగ్ మిషనులో సూది అడ్డంగా కూడా కదులుతుంది. ఈ ఒక్క అదనపు కదలిక వల్ల ఫుట్ మారింది, ప్లేటు మారింది, దారం బిగువు లెక్క మారింది, సన్నటి గుడ్డ ప్రవర్తన మారింది. పాత మిషను మీద చేయి తిరిగినవాళ్లే కొత్తదాని మీద ఎక్కువ విసుక్కోవడం నేను చూశాను. వాళ్ల చేతులు ఆ అడ్డం కదలికను ఇంకా లెక్కలోకి తీసుకోకపోవడమే కారణం.

లోపల జరిగేది

ఇంటి మిషన్లు వేసేది రెండు దారాల కుట్టు. సూదిలో ఒకటి, కింద బాబిన్ అనే చిన్న దారపు చుట్టలో మరొకటి. సూది గుడ్డను దాటి అడుగుదాకా దిగి, మళ్లీ రెండు మిల్లీమీటర్లు లేచేసరికి దాని వెనక దారం వదులై చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. సూదిని వెలుతురులో పెట్టి చూస్తే కంటికి పైన, వెనకవైపు చిన్న గుంట కనబడుతుంది. ఉచ్చు కోసం, ఆ ఉచ్చును పట్టుకునే షటిల్ అనే కొక్కెం ముక్కు కోసం వదిలిన చోటు అది. షటిల్ ముక్కు సరిగ్గా ఆ క్షణానికి వచ్చి ఉచ్చును తగులుకుని బాబిన్ కేసు చుట్టూ తిప్పుతుంది. దాంతో పై దారం కింది దారాన్ని చుట్టుకుంటుంది. మిషను ముందువైపు పైకీ కిందికీ ఆడే లివర్ మిగులు దారాన్ని గుంజేస్తుంది. రెండు దారాలూ మెలికపడే చోటు గుడ్డ మందంలో దాగిపోతే కుట్టు కుదిరినట్టు.

జిగ్‌జాగ్‌లో ఇదే కథ ఒకసారి ఎడమన, ఒకసారి కుడిన జరగాలి. సూదిని పట్టుకున్న కడ్డీ ఒక చట్రంలో వేలాడుతూ ఊగుతుంది. ఆ ఊపునిచ్చేది ఒక క్యామ్, అంటే గుండ్రంగా కాకుండా ఒకవైపు ఉబ్బుగా ఉండే బిళ్ల. మామూలు జిగ్‌జాగ్‌కు పెద్ద చక్రం రెండుసార్లు తిరిగితే ఈ క్యామ్ ఒకసారి తిరుగుతుంది. అందుకే ఒక కుట్టు ఇటు, ఒక కుట్టు అటు. డయల్ మీది మిగతా బొమ్మలకు వేరే వేరే అంచులున్న బిళ్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. డయల్ తిప్పడమంటే, ఏ బిళ్ల అంచును ఒరుసుకుంటూ పోవాలో లోపలి చువ్వకు చెప్పడం. కంప్యూటర్ మిషన్లలో ఈ బిళ్లల బదులు చిన్న మోటారు ఆ పని చేస్తుంది.

సూది పక్కకు జరగడం గుడ్డకు పైన ఉన్నప్పుడే జరుగుతుంది. దీని నుంచి ఒక నియమం దానంతటదే వస్తుంది. సూది గుడ్డలో ఉండగా కుట్టు డయల్‌నుగానీ, వెడల్పు డయల్‌నుగానీ తిప్పకూడదు. తిప్పితే గుడ్డలో ఇరుక్కున్న సూదిని పక్కకు లాగినట్టే. కొన్నిసార్లు సూది విరుగుతుంది. అంతకన్నా చెడ్డది, కంటికి తెలియనంత వంగి, తర్వాత గంటసేపు కుట్లు ఎందుకు తప్పిపోతున్నాయో అర్థం కాకుండా చేస్తుంది.

ఇంకో సంగతి రిపేరు దుకాణానికి వెళ్లే ముందు తెలిసి ఉండాలి. షటిల్ ముక్కు ఎప్పుడూ ఒకే వైపు నుంచి వస్తుంది. సూది మాత్రం రెండు చోట్ల ఉంటుంది. కాబట్టి ఒక చివర ఉన్న సూదిని ముక్కు ముందుగా అందుకుంటుంది, రెండో చివర ఉన్నదాన్ని కాస్త ఆలస్యంగా. ఈలోగా సూది ఇంకాస్త పైకి లేస్తుంది. ఈ రెండు కలయికలూ కుదిరేలా మిషనును అమరుస్తారు. వెడల్పు పెంచుకుంటూ పోతే ఏదో ఒక వైపు కలయిక తప్పుతుంది. మామూలు ఇంటి మిషన్లలో జిగ్‌జాగ్ వెడల్పు 5 మిల్లీమీటర్ల దగ్గర, కొన్నింట 7 దగ్గర ఆగిపోవడానికి ఇదొక కారణం. తిన్నని కుట్టు చక్కగా పడుతూ, జిగ్‌జాగ్ పెట్టగానే ఒక వైపే కుట్లు తప్పుతుంటే ముందు సూది మార్చండి. కొత్త సూదితోనూ అదే వరస అయితే ఆ కలయిక సమయం జారిందన్నమాట. అది మెకానిక్ పని. స్క్రూడ్రైవర్ పట్టుకుని మనం దిగితే ఉన్న తిన్నని కుట్టు కూడా పోతుంది.

ఈ ఊగే సూది నిన్నమొన్నటిది కాదు. అమెరికాలో హెలెన్ ఆగస్టా బ్లాంచర్డ్ 1873లోనే ఇలాంటి కుట్టు వేసే యంత్రానికి పేటెంట్ పొందారు. చాలాకాలం అది ఫ్యాక్టరీలకే పరిమితమైంది. ఇళ్లకు రావడం 1930లలో మొదలైంది. స్విట్జర్లాండ్‌కు చెందిన బెర్నినా 1938లో ఇంటి వాడకానికి జిగ్‌జాగ్ మిషను తెచ్చింది. మన దగ్గర ఉషా పేరుతో కలిసి వినిపించే జానోమే జపాన్ కంపెనీ. ఆ మాటకు పాము కన్ను అని అర్థం. పాత మిషన్లలో పడవలాంటి పొడవాటి షటిల్ ఉండేది. దాని బదులు గుండ్రటి బాబిన్ వచ్చినప్పుడు అది వాళ్ల కంటికి పాము కన్నులా కనబడింది. బాబిన్‌ను చేతిలో పెట్టుకుని నడిమి చిల్లు చూస్తే మనకూ అలాగే ఉంటుంది.

పీకో వేరు, ఓవర్‌లాక్ వేరు

కొనేవాళ్లలో చాలామంది ఇక్కడే తికమకపడతారు. ఫాల్స్, పీకో, జిగ్‌జాగ్ అని ఒకే బోర్డు మీద రాసి ఉండటంతో అన్నీ ఒకటే అనిపిస్తాయి. జిగ్‌జాగ్ అన్నది కుట్టు పేరు. చీర కొంగు అంచును సన్నగా చుట్టుకునేలా దగ్గర దగ్గరగా జిగ్‌జాగ్ వేస్తే అది పీకో. కాబట్టి పీకో మన మిషను మీద సాధ్యమే. ఓవర్‌లాక్ అలా కాదు. దానికి మూడో నాలుగో దారాలు, అంచును కోస్తూ పోయే చిన్న కత్తి ఉంటాయి. రెడీమేడ్ చొక్కా లోపలి అతుకు చూస్తే దారాలు అంచు చుట్టూ వలలా అల్లుకుని ఉంటాయి. అదీ ఓవర్‌లాక్. ఇంటి మిషను డయల్ మీద ఓవర్‌లాక్‌లా కనబడే బొమ్మ ఉంటుంది. అది పోలిక మాత్రమే. పోగులు ఊడకుండా ఆపగలదు, కోయలేదు, అంత వేగమూ ఉండదు. రోజుకు పది జాకెట్లు కుట్టేవాళ్లకు అది చాలదు. ఇంటివాళ్లకు ధారాళంగా చాలు.

డయల్ మీద ఇరవై బొమ్మలున్నాయా, నలభై ఉన్నాయా అని చూసి కొనడం నాకు నచ్చదు. బాతుల వరసలు, పూల తీగలు మొదటి ఆదివారం మోజుతో తువ్వాలు మీద కుడతాం, మళ్లీ వాటి జోలికి వెళ్లం. ఏళ్ల తరబడి అక్కరకు వచ్చేవి తిన్నని కుట్టు, జిగ్‌జాగ్, ఒక్కో వాలును మూడేసి చిన్న కుట్లతో వేసే జిగ్‌జాగ్, కాజా. కుట్టు వెడల్పునూ పొడవునూ విడివిడిగా మార్చుకునే వీలుందా అన్నది అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న. చవక మోడళ్లలో కొన్నింట ఈ రెండూ బొమ్మతో పాటే బిగిసిపోయి ఉంటాయి. అలాంటిది కొంటే, కింద చెప్పబోయే సగం పనులు చేయి అందని చోట ఉండిపోతాయి.

సూది, బాబిన్, దారం

ఇంటి మిషన్ల సూది కాడ ఒక పక్క చదునుగా ఉంటుంది. బాబిన్ ముందువైపు నుంచి పెట్టే మిషన్లలో ఆ చదునును వెనక్కి తిప్పి, సూదిని పైకి తగిలేదాకా నెట్టి బిగించాలి. ఒక మిల్లీమీటరు కిందికి జారి ఉన్నా షటిల్ ముక్కుకు ఉచ్చు అందదు. ఫ్యాక్టరీ మిషన్ల సూదులకు కాడ గుండ్రంగా ఉంటుంది, అవి పనికిరావు. దుకాణంలో సూది అని అడిగితే ఏదో ఒకటి చేతిలో పెడతారు, చదును ఉందో లేదో మనమే చూసుకోవాలి.

పొట్లం మీద 90/14 అని రెండు అంకెలుంటాయి. 90 అంటే సూది మందం 0.9 మిల్లీమీటరు, 14 అన్నది అదే సైజుకు పాత లెక్క. జాకెట్టు గుడ్డకు, మామూలు కాటన్‌కు 14 సరిపోతుంది. పట్టు, జార్జెట్, షిఫాన్ అయితే 11 లేదా 9. జీన్స్‌కు 16, 18. బనియన్ గుడ్డకు కొస గుండ్రంగా ఉండే బాల్‌పాయింట్ సూది కావాలి. మామూలు సూది ఆ అల్లికలో పోగును కోసేస్తుంది, రెండు ఉతుకులకు అక్కడ చిల్లు పడుతుంది. పట్టు చీర మీద పని మొదలుపెట్టే ముందు సూది కొత్తదై ఉండాలని నేను పట్టుబడతాను. మొండి సూది జరీ పోగును గీరి బయటికి లాగుతుంది. నేతలో ఒకసారి పడిన సూది చిల్లు ఇస్త్రీతో కూడా పూడదు. అయిదారు రూపాయల సూదిని పదివేల చీర మీద ఆదా చేయడం ఏం పొదుపో నాకు అర్థం కాదు.

బాబిన్‌కు దారం నిదానంగా, బిగువుగా చుట్టాలి. పైన ఉన్న చిన్న బిళ్లల మధ్య నుంచి దారం పోనివ్వకపోతే బాబిన్ మెత్తగా, ఉబ్బుగా నిండుతుంది. అలాంటిది కుట్టేటప్పుడు ఒకసారి వదులుగా, ఒకసారి బిగువుగా దారం వదులుతుంది. ముందునుంచి పెట్టే కేసులో బాబిన్ ఉంచి దారాన్ని చీలికలోంచి రేకు కిందికి లాగాలి. దారం లాగితే బాబిన్ సాధారణంగా గడియారం ముల్లు దిశలో తిరగాలి. పైనుంచి పడేసే రకం మిషన్లలో దానికి ఎదురు దిశ. పాత మిషను బాబిన్లు డబ్బాలో మిగిలి ఉంటాయి కదా, వాటిని వాడదామన్న ఆశ వద్దు. చూడటానికి ఒకేలా ఉన్నా ఎత్తులో వెంట్రుకవాసి తేడా చాలు, కేసు లోపల బాబిన్ గిలగిలలాడుతుంది.

ఇక పై దారం. ఇందులో ఒకే ఒక్క మాట గుర్తుండాలి. ఫుట్ పైకి ఎత్తి ఉంచి దారం ఎక్కించాలి. నల్ల మిషనులో దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్లలు బయటే ఉంటాయి, దారం వాటి మధ్య పడిందో లేదో కంటికి కనబడుతుంది. కొత్తదానిలో అవి ప్లాస్టిక్ తొడుగు లోపల దాక్కున్నాయి. ఫుట్ ఎత్తినప్పుడు బిళ్లలు విచ్చుకుంటాయి, దించినప్పుడు బిగుసుకుంటాయి. ఫుట్ దించి దారం ఎక్కిస్తే అది బిళ్లల అంచు మీదుగా జారిపోతుంది. బయటి నుంచి చూస్తే అంతా సవ్యంగానే ఉన్నట్టు ఉంటుంది. కుట్టడం మొదలుపెట్టగానే గుడ్డ కింద దారం పిచ్చుక గూడులా పోగుపడుతుంది.

ఆ గూడు కింద ఉంది కాబట్టి అందరూ బాబిన్‌ను అనుమానిస్తారు. కేసు తీస్తారు, రేకు మీది స్క్రూ తిప్పుతారు, ఇంకా పాడుచేస్తారు. నిజానికి కింద పోగైంది పై దారం. దాన్ని పట్టి ఉంచాల్సిన బిళ్లల్లో పట్టు లేదు, అందుకే లివర్ ఎంత గుంజినా పైకి రాక కిందే ఉండిపోయింది. కనబడే చోటు వేరు, జబ్బు చోటు వేరు. కింద ముద్దకడితే పై దారం తీసి ఫుట్ ఎత్తి మళ్లీ ఎక్కించడం నా మొదటి వైద్యం. రెండోది అవసరమైన సందర్భాలు బహు తక్కువ.

దారం ఎక్కించాక పెద్ద చక్రాన్ని మన వైపుకే తిప్పాలి, వెనక్కి ఎప్పుడూ వద్దు. బాబిన్ దారాన్ని పైకి లాగి, రెండు కొసలనూ ఫుట్ కింది నుంచి వెనక్కి అరచేయంత పొడవున వదిలిపెట్టండి. మొదటి రెండు మూడు కుట్లు పడేదాకా ఆ కొసలను వేళ్లతో పట్టుకోండి. జిగ్‌జాగ్ ప్లేటులో చీలిక వెడల్పు కాబట్టి షిఫాన్ లాంటి గుడ్డ మూలను మిషను అమాంతం లోపలికి మింగేస్తుంది. కొసలు పట్టుకోవడం ఒక ఉపాయం. చిన్న కాటన్ ముక్క మీద కుట్టు మొదలుపెట్టి, ఆగకుండా అసలు గుడ్డ మీదికి రావడం ఇంకా మంచి ఉపాయం.

వెడల్పు, పొడవు, బిగువు

జిగ్‌జాగ్‌లో కుట్టు పొడవు అంటే సూది ఒక్కసారి దిగి లేచేలోగా గుడ్డ ఎంత ముందుకు జరిగిందన్నది. వెడల్పు అంటే సూది అడ్డంగా ఎంత ఊగిందన్నది. దారం ఈ రెండింటి మధ్య వాలుగా పరుచుకుంటుంది, అంటే బళ్లో చదివిన లంబకోణ త్రిభుజం కర్ణం. వెడల్పు 5, పొడవు 2 మిల్లీమీటర్లు పెట్టారనుకుందాం. 25, 4 కలిపితే 29, దాని వర్గమూలం సుమారు 5.4. రెండు మిల్లీమీటర్ల గుడ్డకు 5.4 మిల్లీమీటర్ల దారం, అదీ పైనా కిందా. తిన్నని కుట్టుతో పోలిస్తే రెండున్నర రెట్లకు పైగా. చీర రెండు అంచులు వేసేసరికి బాబిన్ అయిపోయిందని ఆశ్చర్యపోయేవాళ్లకు జవాబు ఇదే.

సాగే గుడ్డకు జిగ్‌జాగ్ ఎందుకంటే అదీ ఈ లెక్కలోనే ఉంది. లెగ్గింగ్ నడుముకు తిన్నని కుట్టు వేస్తే దారం పొడవూ గుడ్డ పొడవూ దాదాపు సమానం. కూర్చోగానే గుడ్డ సాగుతుంది, దారం సాగదు, పటుక్కున తెగుతుంది. వెడల్పు 1, పొడవు 2.5 పెడితే కర్ణం 2.7 దాకా వస్తుంది, అంటే 8 శాతం దాకా వెసులుబాటు. టీషర్టు పక్క అతుకుకు అది చాలు, పైనుంచి చూస్తే తిన్నని కుట్టులాగే ఉంటుంది. వెడల్పు 2, పొడవు 2 అయితే 2.8, వెసులుబాటు 40 శాతం. ఎలాస్టిక్ కుట్టేటప్పుడు ఇలాంటిది కావాలి, మూడేసి కుట్ల జిగ్‌జాగ్ అయితే ఇంకా మేలు.

వెసులుబాటు ఇస్తుంది కదా అని వెడల్పు పెంచుకుంటూ పోతే సన్నటి గుడ్డ ఎదురుతిరుగుతుంది. వాలుగా పరుచుకున్న దారం రెండు అంచులనూ దగ్గరికి లాగుతుంది కాబట్టి మధ్యలో గుడ్డ గొట్టంలా లేస్తుంది. తిన్నని కుట్టులో ఈ లాగుడు కుట్టు వెంటే ఉంటుంది, జిగ్‌జాగ్‌లో అడ్డంగా కూడా వస్తుంది. అందుకని జిగ్‌జాగ్‌కు పై దారం టెన్షన్ కాస్త తగ్గించాలి. తిన్నని కుట్టుకు 4 దగ్గర ఉంటే దీనికి 3, దగ్గర దగ్గర కుట్లకు ఇంకా తక్కువ. వెనకవైపు మూలల్లో పై దారం చుక్కలా కనబడినా ఫర్వాలేదు. బాబిన్ దారం పైకి తొంగిచూడటం మాత్రం కూడదు. గొట్టం ఇంకా లేస్తుంటే గుడ్డ కింద పల్చటి కాగితం పెట్టి కుట్టి, తర్వాత చింపేయండి. న్యూస్‌పేపర్ సిరా తెల్ల గుడ్డకు అంటుతుంది, కాబట్టి తెల్ల కాగితమే నయం.

పోగులు ఊడకుండా జాకెట్టు లోపలి అతుకులకు వెడల్పు 4, పొడవు 2 చాలు. సూది ఎడమ కుట్టు గుడ్డలో, కుడి కుట్టు అంచు దాటి గాలిలో పడాలి. అప్పుడు దారం అంచును చుట్టుకుంటుంది. అంచు లోపలే రెండూ పడితే కుట్టు అందంగా ఉంటుంది, పోగులు మాత్రం దాని పక్క నుంచి ఊడిపోతూనే ఉంటాయి. పీకోకూ ఇదే సూత్రం, పొడవు మాత్రం ఒకటికి లోపు. జార్జెట్ లాంటివి గాలిలో పడిన కుట్టు బిగువుకే లోపలికి చుట్టుకుంటాయి. గంజి పెట్టిన కాటన్ చుట్టుకోదు, దానికి ముందే సన్నగా మడత పెట్టాలి. వెనక నుంచి గుడ్డను లాగే అలవాటు ఉంటే ఇక్కడ మానుకోండి. లాగితే సూది వంగి ప్లేటు అంచుకు తగులుతుంది. గుడ్డ నడపడం పళ్ల పని, దారి చూపడమే చేతుల పని.

కాజా

కాకినాడ కాజా గురించి అయితే ఈ వ్యాసం ఇంకా బాగుండేది. గుండీ కాజా అంటే దగ్గర దగ్గర జిగ్‌జాగ్‌తో వేసిన రెండు సన్నటి గట్లు, రెండు చివర్లా వెడల్పు కుట్లతో రెండు అడ్డుకట్టలు. నాలుగు అంచెల కాజా అంటే డయల్ మీద ఈ నాలుగింటికీ ఒక్కో స్థానం ఉందన్నమాట. సూది పైకెత్తి, డయల్ తిప్పి, తర్వాతి అంచె కుట్టాలి. పొడవు డయల్‌ను సున్నాకు దగ్గరగా, అర మిల్లీమీటరు చుట్టుపక్కల పెట్టాలి. మరీ సున్నా దగ్గరికి వెళ్తే దారం ఒకేచోట గుట్టగా పడి ఫుట్ కదలనంటుంది. కాజా ఫుట్ అడుగున చిన్న గాడి ఉండేది ఇందుకే, ఉబ్బెత్తు కుట్లు దాని కింది నుంచి జారిపోవడానికి.

కాజా పొడవు గుండీ వెడల్పు, దాని మందం కలిపినంత. రెండు గట్లలో ఒకటి చిక్కగా, ఒకటి పల్చగా వస్తే మన తప్పేమీ లేదు. ఒక గట్టు కుట్టేటప్పుడు గుడ్డ ముందుకు, రెండోదానికి వెనక్కి నడుస్తుంది, పళ్ల పట్టు రెండు దిశల్లో సమానంగా ఉండదు. చాలా మిషన్లలో దీన్ని సరిచేసే చిన్న స్క్రూ గానీ, పొడవు డయల్‌లోనే సవరణ గానీ ఉంటుంది. అసలు గుడ్డలాంటి ముక్కనే, అన్నే మడతలు పెట్టి, మధ్యలో బక్రం అనే గట్టి గుడ్డ ఉంచి ముందు ప్రయత్నించాలి. ఒంటి పొర మీద చక్కగా వచ్చిన కాజా చొక్కా పట్టీ మీద వికటించడం మామూలే. కోసేటప్పుడు చివర అడ్డుకట్టకు ముందు ఒక గుండుసూది గుచ్చండి. కత్తి చేయి జారినా అక్కడ ఆగుతుంది.

గుండీలు కుట్టడానికి కూడా ఈ మిషను పనికొస్తుందని చాలామందికి తట్టదు. పళ్లను కిందికి దించాలి, దించే ఏర్పాటు లేకపోతే వాటిని మూసే ప్లేటు పెట్టాలి. పొడవు సున్నా. వెడల్పును గుండీ చిల్లుల మధ్య దూరానికి సరిపెట్టి, ముందు చేత్తో చక్రం తిప్పి చూడాలి. ఎడమ చిల్లులో ఒకసారి, కుడి చిల్లులో ఒకసారి ఎక్కడా తగలకుండా దిగితేనే పెడల్ ముట్టుకోవాలి. గుండీ మీద, చిల్లుల మధ్య ఒక అగ్గిపుల్ల పెట్టి కుట్టి, తర్వాత లాగేస్తే దారం కాస్త వదులుగా ఉండి కాజాలో గుండీ సులువుగా ఇముడుతుంది.

నూనె, కరెంటు

పని అయ్యాక ప్లేటు విప్పి పళ్ల సందులోని దూదిని బ్రష్షుతో తీయాలి. నోటితో ఊదితే తేమ లోపలికి పోతుంది. నల్ల మిషనుకు ఎక్కడ చిల్లు కనబడితే అక్కడ నూనె చుక్క వేసేవాళ్లం. కొత్తవాటిలో చాలా భాగాలకు నూనె అక్కర్లేదు, షటిల్ తిరిగే గాడిలో ఒక చుక్క చాలు. అది కుట్టుమిషను నూనె అయి ఉండాలి. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె వేసినవాళ్లను ఎరుగుదును. 24 డిగ్రీల కిందికి వెళ్తే ఆ నూనె గడ్డకడుతుంది, డిసెంబరు పొద్దున మిషను మూలుగుతుంది. ఎండాకాలం వచ్చినా ఊరట ఉండదు, దూదితో కలిసి జిగురులా అంటుకుంటుంది.

అమెరికా నుంచి వచ్చేటప్పుడు మిషను తెచ్చుకునేవాళ్లు వెనక అతికించిన చీటీ చదవాలి. అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. చీటీ మీద 120 అని మాత్రమే ఉంటే మన ప్లగ్గులో నేరుగా పెడితే మోటారు, పెడల్ రెండూ కాలిపోతాయి. వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, దాని సామర్థ్యం మిషను వాట్లకన్నా ఎక్కువ ఉండాలి. ఫోను ఛార్జర్‌కు సరిపోయే పిన్ను మార్చే ముక్క వోల్టేజిని మార్చదు.

ఇంత చెప్పాక కూడా మా నల్ల మిషనును అమ్మలేదు. దాని ప్లేటులో చిల్లు సూది పట్టేంతే, అందువల్ల గుడ్డ అటూ ఇటూ కదలదు, తిన్నని కుట్టు గీత గీసినట్టు పడుతుంది. జిగ్‌జాగ్ ప్లేటు వెడల్పు చీలిక మీద అంత తిన్నదనం రాదు. జీన్స్ కాళ్లు పొట్టి చేసేటప్పుడు పక్క అతుకు దగ్గర అయిదారు పొరలు ఒకచోట చేరతాయి. అక్కడ తెల్ల మిషను గుర్రుమని ఆగిపోతుంది. నేను దాన్ని ఆపేసి, ప్యాంటు తీసుకుని గది మూలకు వెళ్లి, పాతదాని తొక్కుడుబల్ల మీద కాళ్లు పెడతాను.